ప్రయాణికులు, యాత్రికులు, ప్రవాసులు

తెలుగులో రోజూ ఎక్కువమంది చెవిన పడే వచనం ఏది అని అడిగితే రేడియో వార్తలనో, సినిమా మాటలనో చెబుతాం. రైల్వేస్టేషను మైకులో వినిపించే నాలుగు వాక్యాలు చప్పున గుర్తుకు రావు. అవి విననివాళ్ళు లేరు, విన్నామని చెప్పుకునేవాళ్ళూ లేరు. బండి ఏ ప్లాట్‌ఫారం మీదకు వస్తుందో తెలిశాక ఆ వాక్యంతో మనకు పని తీరిపోతుంది. కాని దానికీ ఒక చరిత్ర ఉంది. అది ఏ రకం తెలుగులో ఉంది, మనల్ని ఏమని పిలుస్తుంది, ఏ ఊరి దగ్గర తెలుగు మాని మరో భాషలోకి మారుతుంది అని ఆలోచిస్తే, తెలుగు రాష్ట్రాల పొలిమేర బయట తరతరాలుగా ఉంటున్న మనకు పనికొచ్చే సంగతులు కొన్ని తెలుస్తాయి.

దక్షిణాదిన మొదటి రైలు 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు నడిచింది. బ్రౌను తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1852లో. నిఘంటువు ముందు వచ్చింది, బండి తర్వాత వచ్చింది. అందుకని దానికి పేరు పెట్టే పని జనం మీద పడింది. తెలుగువాళ్ళు పొగబండి అన్నారు. తమిళులు పుగైవండి అన్నారు. రెండూ ఒకే చూపులోంచి పుట్టిన మాటలు. పండితులు ధూమశకటం అన్నారు. చివరికి రైలే నిలబడింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాకు వంతెన తెరిచేసరికి మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే దారిలో ఉన్న తెలుగు ఊళ్ళు ఒకే పట్టాల మీదకు వచ్చాయి.

ఆ రోజుల్లో స్టేషనులో మాటతో పని తక్కువ. వేలాడగట్టిన పట్టా ముక్క మీద ఇనపకడ్డీతో కొట్టే గంటే ప్రకటన. గంటకు భాష లేదు కనుక అది అందరికీ ఒక్కలాగే అర్థమయ్యేది: బండి వస్తోంది, లేదా బండి కదలబోతోంది. ఏ బండి, ఎక్కడికి అన్నది పక్కవాణ్ణి అడిగి తెలుసుకోవలసిందే. మైకు వచ్చాక గంట చేసే పని మాట చేయవలసి వచ్చింది. మాట అనగానే ఏ భాష అన్న ప్రశ్న వచ్చింది. ఆ భాషలో ఏ రకం భాష అన్న ప్రశ్న కూడా దాని వెంటే వచ్చింది.

మనందరికీ తెలిసిన వాక్యాన్నే తీసుకుందాం. "దయచేసి వినండి. హైదరాబాదు నుండి విశాఖపట్నం వరకు వెళ్ళు గోదావరి ఎక్స్‌ప్రెస్ మరికొద్ది సేపట్లో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చును." 1974లో మొదలైన ఈ బండికి యాభై ఏళ్ళు నిండాయి. కాని బండి గురించి చెప్పే వాక్యం వయసు అంతకంటె చాలా ఎక్కువ. "వెళ్ళు", "వచ్చును", "బయలుదేరును", "సిద్ధముగా ఉన్నది" అనే మాటలు ఏ ఇంట్లోనూ వినిపించవు. "నాన్నగారు ఆరు గంటలకు వచ్చును" అని ఏ తల్లీ పిల్లలతో అనదు. అది గ్రాంథికం. పుస్తకాల్లోంచి పోయిన గ్రాంథికం స్టేషనులో ఇంకా బతికి ఉంది.

ఇక్కడ పర్లాకిమిడిని తలుచుకోక తప్పదు. ఆ ఊరికి నౌపడా నుంచి సంస్థానం వేయించిన చిన్న రైలు 1900లోనే వచ్చింది. 1931లో దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. అదే ఊళ్ళో పంతులుగా పనిచేస్తూ గిడుగు రామమూర్తిగారు వ్యావహారిక భాష కోసం వాదించారు. 1919లో అక్కడి నుంచే "తెలుగు" అనే పత్రిక నడిపారు. నోటితో ఒకటి మాట్లాడి చేత్తో మరొకటి రాయడమెందుకు అన్నది ఆయన పట్టుదల. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్ళినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940లో కన్నుమూశారు. ఆయన కోరినది ఆ తర్వాత జరిగింది. 1960, 70 దశకాలు గడిచేసరికి పత్రికలు, పాఠ్యపుస్తకాలు, విశ్వవిద్యాలయాలు వాడుక భాష దారి పట్టాయి. పట్టనివి కొన్ని మిగిలాయి: కోర్టు నోటీసు, పెళ్ళి శుభలేఖ, రైల్వే మైకు.

మైకు ఎందుకు మారలేదు? నాకు తోచిన కారణాలు రెండు. మొదటిది, ఊరూరి తెలుగుకూ ఉన్న తేడా. కోస్తాలో బండి "వస్తుంది", రాయలసీమలో "వస్తాది", తెలంగాణలో "వస్తది". 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు ఈ మూడు ప్రాంతాల్లోనూ స్టేషన్లు ఉన్నాయి. ఏ ప్రాంతం మాట ఎత్తుకున్నా మిగతావాళ్ళకు అది పక్కింటి తెలుగు అవుతుంది. "వచ్చును" ఎవరి ఇంటిదీ కాదు కనుక ఎవరికీ పేచీ లేదు. గ్రాంథికాన్ని అక్కడ నిలబెట్టింది గౌరవం కంటె ఈ సర్దుబాటే అనిపిస్తుంది.

రెండవది యంత్రం. ఒకప్పుడు ఎదురుగా కాగితం పెట్టుకుని మనిషే మైకులో చదివేవాడు. బండి ఆలస్యమైతే ఆ గొంతులో విసుగు కూడా వినిపించేది. తర్వాత రికార్డు చేసిన ముక్కలు వచ్చాయి. 1982లో సెంట్రల్ రైల్వేలో చేరిన సరళా చౌదరి గొంతు ఇలాగే లక్షలాది జనానికి పరిచయమైంది. అంకెలు వేరుగా, ఊళ్ళ పేర్లు వేరుగా, బండి పేర్లు వేరుగా చదివించి దాచుకుంటారు. ఆపైన కంప్యూటరు ఆ ముక్కల్ని వరసగా అతుకుతుంది. 2010 డిసెంబరు 20 నుంచి ప్రయాణికుల బండ్ల నంబర్లు అయిదంకెలయ్యాయి. అందుకే నంబరును "పన్నెండు వేల ఏడువందల" అని కాకుండా "ఒకటి, రెండు, ఏడు" అని పొడి అంకెలుగా వింటాం.

తెలుగు ఇలాంటి అతుకులకు సులభంగా లొంగే భాష కాదు. తిరుపతికి "కి", గుంటూరుకు "కు". నెల్లూరు అన్న మాటే "నెల్లూరి" అవుతుంది. ఊరి పేరు ఒక ముక్కగా, విభక్తి మరో ముక్కగా ఉన్నప్పుడు "తిరుపతికు" అని యంత్రం అనకుండా చూడాలి. "నుండి", "మీదుగా", "వరకు" అన్న మూడు మాటలు ఈ చిక్కును తప్పిస్తాయి. ఏ ఊరి పక్కన పెట్టినా అవి మారవు, ఊరి పేరునూ మార్చవు. మనం ఇంట్లో "తిరుపతికి పోయే బండి" అంటాం. మైకు "తిరుపతి వరకు వెళ్ళు" అంటుంది. అందులో అర్థం పోలేదు కాని నుడికారం పోయింది. "సాయంత్రం అయిదూ నలభైకి" అని చెప్పుకునే వేళ "పదిహేడు గంటల నలభై నిమిషములకు" అయినదీ ఇలాగే.

ఇక మనల్ని పిలిచే పిలుపు సంగతి. భువనేశ్వర్ నుంచి ముంబయి వెళ్ళే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ దారి చూడండి. బరంపురం దాటాక ఇచ్ఛాపురం దగ్గర తెలుగు నేల మొదలవుతుంది. విశాఖ, రాజమండ్రి, బెజవాడ, వరంగల్లు, సికింద్రాబాదు మీదుగా తాండూరు దాకా తెలుగే. సేడం నుంచి వాడి, కలబురగి వరకు కన్నడం. ఆ పైన షోలాపూరు, పుణె, ముంబయి మరాఠీ. ఒక్క బండి నాలుగు భాషల ప్లాట్‌ఫారాల మీద ఆగుతుంది. పెట్టెలో కూర్చున్న మనిషి అతడే. స్టేషను మారితే అతని పేరు మారుతుంది.

ఒడియాలో అతడు జాత్రీ. హిందీలో యాత్రీ. మన చెవికి అందులో జాతర వినిపిస్తుంది. జాతర అన్నది యాత్ర నుంచి వచ్చిన మాటే. కాని తెలుగులో యాత్రికుడంటే కాశీకో, పూరీకో, తిరుపతికో పోయేవాడు. సంతకు పోయేవాడూ, ఆస్పత్రికి పోయేవాడూ యాత్రికులు కారు. తెలుగు నేల మీద అతడు ప్రయాణికుడు. ఈ మాటలో దీర్ఘం అక్కర్లేదు. అయినా "ప్రయాణీకులు" అని దీర్ఘం తీసి రాసేవాళ్ళూ, పలికేవాళ్ళూ చాలామంది ఉన్నారు. కన్నడంలోనూ ప్రయాణికరే. తమిళంలో అదే మాట నలిగి పయణి అయింది.

షోలాపూరులో అతడు ప్రవాసి. మరాఠీలో ప్రవాసం అంటే ప్రయాణం, ప్రవాసి అంటే బండెక్కినవాడు, అంతే. తెలుగులో ప్రవాసం అంటే సొంత నేల విడిచి పరాయి చోట బతకడం. తెలంగాణ నుంచి మగ్గాలతో వెళ్ళిన పద్మశాలీలు తరాల తరబడి స్థిరపడిన ఊరు షోలాపూరు. ఆ ఊరి స్టేషనులో మైకు అందర్నీ ప్రవాసులారా అని పిలుస్తుంటే, అక్కడి తెలుగువాడి చెవికి అది తన ఒక్కణ్ణే ఉద్దేశించి అన్నట్టు ఉంటుంది. పిలిచేవాళ్ళకు ఆ ఉద్దేశం లేదు. మాట తెచ్చిన చిత్రం అది.

ఇలాంటి చిత్రాలు ఇంకా ఉన్నాయి. మరాఠీలో "కృపయా లక్ష ద్యా" అంటే దయచేసి గమనించండి అని. కొత్తగా వెళ్ళిన తెలుగువాడికి ఒక లక్ష ఇమ్మని అడిగినట్టుంటుంది. లక్ష్యపెట్టడం అన్న మన మాటను గుర్తు చేసుకుంటే చిక్కు విడిపోతుంది. కన్నడంలో "ప్రయాణికర గమనక్కె" అంటారు. మనకు గమనం అంటే నడక, వాళ్ళకు గమనిక. తమిళంలో "పయణిగళిన్ కనివాన కవనత్తిఱ్కు" అంటారు. వాళ్ళకు కవనం అంటే శ్రద్ధ, మనకు కవిత్వం. కని అంటే పండు, కనివు అంటే పండులాంటి మెత్తదనం. ప్రయాణికుల శ్రద్ధకు అని ఊరుకోక మెత్తని శ్రద్ధకు అన్నారు. ఈ నాలుగు భాషల్లో ఆ ఒక్క మాటలోనే కాస్త ఇంటి మర్యాద ఉందనిపిస్తుంది.

క్షమాపణ వాక్యం కూడా చూడదగ్గదే. బండి ఆలస్యమైనప్పుడు ఇంగ్లీషు ప్రకటన అసౌకర్యం గురించి విచారం చెబుతుంది. ఆ విచారం ఎవరిదో ఆ వాక్యంలో ఉండదు. కర్త లేని వాక్యం అది. తెలుగులో "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనాలి. క్రియ చివర "ము" ఉంది. చింతించేవాళ్ళు "మేము" అని అది ఒప్పుకుంటుంది. హిందీలోనూ "హమే ఖేద్ హై" అని "మేము" తొంగిచూస్తుంది. అధికారులు కోరుకున్నా కోరుకోకపోయినా మన వ్యాకరణం వాళ్ళ చేత ఆ మాట అనిపించింది.

బస్సుల్లో ఈ పెద్దమనిషి తరహా లేదు. బస్సు లోపల రాసిన హెచ్చరికల్లో గ్రాంథికం కనిపించవచ్చు కాని కండక్టరు నోట అది రాదు. "రైట్ రైట్", "హోల్డాన్" అన్న రెండు మాటలతో అతడు బస్సు నడిపిస్తాడు. తమిళనాట "పోలాం రైట్" అంటారు. ఇంగ్లీషు మాటలే అయినా అవి ఇప్పుడు మన మాటలే. యానానికి రైలు లేదు. కాకినాడలో దిగి బస్సెక్కాలి. అక్కడి మనిషికి ఊరు చేర్చే చివరి పిలుపు కండక్టరు కేకే. పొలిమేర ఊళ్ళ మధ్య తిరిగే కండక్టరు ఎదుటివాడి ముఖం చూసి భాష మార్చుకుంటాడు. యంత్రానికి ముఖం కనిపించదు.

అసలు విషయం ఇదే. రైల్వేలో బోర్డులకూ, ప్రకటనలకూ ఉన్న పద్ధతి మూడు భాషలది: ప్రాంతీయ భాష, హిందీ, ఇంగ్లీషు. ప్రాంతీయ భాష అంటే సాధారణంగా ఆ రాష్ట్రపు భాష. ఆ రాష్ట్రంలో మరో భాష మాట్లాడేవాళ్ళు ఎంతమంది ఉన్నా ఈ లెక్కలో నాలుగో చోటు లేదు. 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం పిల్లలకు తల్లిభాషలో ప్రాథమిక విద్య గురించి, 350-బి భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారి గురించి చెబుతాయి. మైకు సంగతి వాటిలో లేదు. మనకు ఎదురైనదే ఇచ్ఛాపురంలో ఒడియా మనిషికీ, చిత్తూరులో తమిళుడికీ ఎదురవుతుంది. కనుక ఇది తెలుగువాళ్ళ మీద ఎవరో పట్టిన పగ కాదు. లెక్క మూడుతో ఆగిపోవడం వల్ల వచ్చిన లోటు.

భాషతోపాటు ఊరి పేర్లూ మారాయి. మనం బరంపురం అంటాం, మైకు బ్రహ్మపూర్ అంటుంది. మనం షోలాపూరంటాం, మైకు సోలాపూర్ అంటుంది. గుల్బర్గా 2014 నుంచి కలబురగి. ఏ రాష్ట్రం వాళ్ళు తమ ఊరిని తమ నోటికి తగ్గట్టు పిలుచుకోవడం న్యాయమే. కాని ఆ ఊళ్ళో వంద, రెండు వందల ఏళ్ళుగా ఉన్నవాళ్ళు పిలుచుకునే పేరు కూడా ఆ ఊరి చరిత్రలో భాగమే. అది మైకులో వినిపించకపోయినా మన రాతల్లో, మన పిల్లల నోళ్ళలో నిలవాలి.

ఎలాగూ తెర మీద అన్నీ కనిపిస్తున్నాయి, ఫోనులో తెలుస్తున్నాయి, ఇక మైకు ఎందుకు అనేవాళ్ళు ఉన్నారు. 2023 ఫిబ్రవరి చివర్లో చెన్నై సెంట్రల్ స్టేషనులో సరిగ్గా ఈ ఆలోచనతోనే బండ్ల ప్రకటనలు ఆపేసి దాన్ని నిశ్శబ్ద స్టేషను చేశారు. చూపులేనివాళ్ళ సంగతేమిటి, చదవలేనివాళ్ళ సంగతేమిటి అన్న ప్రశ్నలు లేచాయి. కొద్ది రోజులకే మైకు మళ్ళీ పలికింది. తెర చదవగలిగినవాడిది. మైకు అందరిదీ. చదవడం రానివాడికి చెవిన పడే మాటే దారి చూపాలి. ఆ మాట అతనికి తెలియని భాషలో ఉంటే అతడికి ఆ స్టేషను ఎంత మోగుతున్నా నిశ్శబ్ద స్టేషనే.

గిడుగువారి దగ్గరికి మళ్ళీ రావాలి. ఆయన తెలుగు కోసమే పాటుపడలేదు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చి, వాళ్ళ పిల్లల కోసం వాచకాలు రాశారు. 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు వెలువరించారు. నౌపడా - గుణుపురం చిన్న రైలును 2004లో ఆపి ఆ దారిని బ్రాడ్‌గేజిగా మార్చారు. ఆ దారిలో టెక్కలి, పాతపట్నం ఆంధ్రలో ఉన్నాయి. పర్లాకిమిడి, గుణుపురం ఒడిశాలో ఉన్నాయి. సవరలు పట్టాలకు రెండు పక్కల కొండల్లోనూ ఉన్నారు. ఆ బండెక్కే సవర మనిషికి మూడు భాషల లెక్క తన భాషను ఏ స్టేషనులోనూ ఇవ్వదు. మన లోటు చెప్పుకునేటప్పుడు మనకంటె పెద్ద లోటున్నవాణ్ణి మరచిపోతే గిడుగువారి పేరు ఎత్తే అర్హత మనకుండదు.

కనుక అడగవలసినవి రెండున్నాయి. తెలుగు స్టేషన్లలో "వచ్చును" బదులు "వస్తుంది" అనమని అడగాలి. వస్తది, వస్తాది అనేవాళ్ళకూ అది ఇప్పుడు బడిలో, పత్రికలో అలవాటైన మాటే. రెండోది, పొలిమేర స్టేషన్లలోనూ, మనవాళ్ళు ఎక్కువగా ఎక్కే బండ్లకూ అక్కడి భాషల తర్వాత మరొక్కసారి తెలుగులో చెప్పమని అడగాలి. దీనికి కొత్తగా పెద్ద ఖర్చేమీ ఉండదు. విశాఖలో కోణార్క్ గురించి తెలుగులో చెప్పే ముక్కలు ఇప్పటికే రికార్డయి ఉన్నాయి. వాటినే బరంపురంలోనూ, షోలాపూరులోనూ వినిపించవచ్చు. అదే న్యాయంగా ఇచ్ఛాపురంలో ఒడియా, గుణుపురం దారిలో సవర వినిపించమని కూడా మనమే అడగాలి. ఆ మాట కలిపి అడిగితేనే మన మాటకు బలం. యాత్రికుడన్నా, ప్రయాణికుడన్నా, ప్రవాసి అన్నా పలకడానికి మనకు అభ్యంతరం లేదు. బండి ఎప్పుడొస్తుందో, ఎక్కడ ఆగుతుందో మాత్రం అందరికీ తెలిసేలా చెప్పాలి.